అలంకార చేపలకు సజీవ, ఘనీభవించిన ఆహారం: బుచ్చిరెడ్డిపాలెం ఆయకట్టులో ఎంపిక, ఉత్పత్తి, జాగ్రత్తలు

ఉపోద్ఘాతం

సంగం ఆనకట్ట వద్ద మళ్లించిన పెన్నా నీరు కనిగిరి జలాశయానికి చేరి, అక్కడి నుండి కాలువల ద్వారా బుచ్చిరెడ్డిపాలెం, కోవూరు పరిసరాల వరి పొలాలకు పారుతుంది. ఈ పొలాలకు తూర్పుగా, సముద్రతీరం వెంబడి రొయ్యల చెరువులు, ఉప్పు కొఠార్లు విస్తరించి ఉన్నాయి. తియ్యనీరు, ఉప్పునీరు ఇంత చేరువలో లభించే ప్రాంతంలో అలంకార చేపల పెంపకానికి కావలసిన సజీవ ఆహారానికి కొరత ఉండదని తోచడం సహజం. వరి మడిలో డాఫ్నియా, మొయినా వంటి సూక్ష్మ జలచరాలు, మురుగు కాలువలో ట్యూబిఫెక్స్ పురుగులు, నిలువ నీటిలో దోమ లార్వాలు రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతాయి. అయితే సాగునీటిలో కలిసే పురుగుమందులు, మురుగులోని భార లోహాలు, రొయ్యల చెరువులలోని వ్యాధికారకాలు కూడా ఇదే నీటి వెంట ప్రయాణిస్తాయి. అందువల్ల ఆహారం ఎక్కడ దొరుకుతుందనే దానికంటే, అది ఏ నీటిలో పెరిగిందన్నదే ముఖ్యమైన ప్రశ్న.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇంటి పెరటి అలంకార చేపల యూనిట్‌కు రూ. 3 లక్షల యూనిట్ వ్యయాన్ని నిర్ణయించి, సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలకు చెందిన లబ్ధిదారులకు 60 శాతం సహాయాన్ని కల్పించారు. ఇటువంటి చిన్న యూనిట్‌లో లాభనష్టాలు చాలావరకు పిల్ల చేపల తొలి పది రోజుల బ్రతుకుపై ఆధారపడతాయి. ఆ పది రోజులలో పొడి మేత సజీవ ఆహారానికి సాటి రాదు. మరోవైపు ఒక్కసారి కలుషితమైన పురుగులను తొట్టెలో వేస్తే సీజను మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఈ రెంటి నడుమ విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఇవ్వదగిన సూచనలను, విద్యార్థులు స్వయంగా చేసి చూడదగిన పరీక్షలను ఈ వ్యాసం వివరిస్తుంది.

సజీవ ఆహారం ప్రాధాన్యం

అప్పుడే ఈదడం ప్రారంభించిన పిల్ల చేప కదిలే వస్తువునే ఆహారంగా గుర్తిస్తుంది. దాని జీర్ణవ్యవస్థ ఇంకా పూర్తిగా అభివృద్ధి చెంది ఉండదు. సజీవ ఆహారం నీటిలో కదులుతూ ఉంటుంది కనుక చేప కంట పడుతుంది. తినగా మిగిలినది కొంతకాలం బ్రతికి ఉంటుంది కనుక నీటిని వెంటనే చెడగొట్టదు.

ఎంపికలో మొదటి ప్రమాణం నోటి పరిమాణం. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు పిల్లలను నేరుగా కంటాయి. ఆ పిల్లలు పుట్టిన రోజునే 0.4 నుండి 0.5 మిల్లీమీటర్ల పొడవు గల ఆర్టీమియా నాప్లియస్‌ను తినగలవు. ఏంజెల్ చేప పిల్లలు కూడా ఈదడం మొదలుపెట్టిన నాటి నుండి దానిని స్వీకరిస్తాయి. గౌరామి, ఫైటర్ చేపల పిల్లల నోరు ఇంకా చిన్నది. వాటికి తొలి కొద్ది రోజులు పారమీషియం వంటి ఏకకణ జీవులను, తియ్యనీటి రోటిఫర్లను ఇచ్చి, ఆ తరువాత ఆర్టీమియాకు మార్చాలి. ఎండు అరటి ఆకును గాని, మందు చల్లని పొలం నుండి తెచ్చిన వరిగడ్డిని గాని నిల్వ నీటిలో నానబెట్టి, అందులో కొద్దిగా చెరువు నీటిని కలిపితే కొద్ది రోజులలో ఏకకణ జీవులు వృద్ధి చెందుతాయి. చివరి దశలో పురుగుమందు చల్లిన గడ్డి ఇందుకు పనికిరాదు.

తేమ లెక్క

సజీవ, ఘనీభవించిన ఆహారాల బరువులో సుమారు 90 శాతం నీరే. అంటే 10 గ్రాముల మొయినా లేదా ఆర్టీమియా ముద్దలో పొడి పదార్థం దాదాపు 1 గ్రాము మాత్రమే. ధరను పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే పొడి మేత ఖరీదైనదిగా, ఘనీభవించిన ముద్ద చవకైనదిగా కనిపిస్తుంది. రెంటినీ పొడి పదార్థపు ప్రాతిపదికపై లెక్కించినప్పుడే వాస్తవం తెలుస్తుంది.

అదే లెక్క నీటి కాలుష్యానికీ వర్తిస్తుంది. 10 గ్రాముల ఘనీభవించిన ఆహారాన్ని 100 లీటర్ల తొట్టెలో వేయగా చేపలు దానిని తినలేదని అనుకుందాం. అందులోని 1 గ్రాము పొడి పదార్థంలో సగం మాంసకృత్తులు అనుకుంటే, మాంసకృత్తులలో 16 శాతం నత్రజని ఉంటుంది కనుక మొత్తం నత్రజని 80 మిల్లీగ్రాములు. అది కుళ్లి పూర్తిగా అమ్మోనియాగా మారితే లీటరుకు 0.8 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని చేరుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో ఇందులో ఒక శాతం కంటే తక్కువ భాగమే విషపూరితమైన, అయనీకరణ చెందని రూపంలో ఉంటుంది. అదే ఉదజని సూచిక 8 అయితే ఆ భాగం 6 శాతాన్ని మించి, లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు చేరుతుంది. సున్నితమైన పిల్ల చేపలకు ఇది హాని కలిగించే స్థాయి. క్షారగుణం గల బోరు నీటిని వాడే పెంపకందారులకు ఒక చెంచా మిగులు మేత కూడా ఎందుకు నష్టం తెస్తుందో దీనివల్ల అర్థమవుతుంది. పొలంలో ఎకరాకు వేసే నత్రజనిని లెక్కించే రైతుకు ఈ లెక్క కొత్త కాదు. కొలత మాత్రమే మారింది.

ఆర్టీమియా పొదుగుదల

ఆర్టీమియా గుడ్లు 0.2 నుండి 0.3 మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి పెంకులలో నిద్రావస్థలో ఉంటాయి. అమెరికాలోని యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ సరస్సు వీటికి ప్రపంచంలో ప్రధాన వనరు. నెల్లూరు తీరపు రొయ్యల హ్యాచరీలు వాడే డబ్బాలలోని గుడ్లే అలంకార చేపలకూ ఉపకరిస్తాయి. మూత తీసిన డబ్బాలోని గుడ్లు తేమను పీల్చి పొదుగుదల శక్తిని కోల్పోతాయి కనుక, వాటిని చిన్న సీసాలలోకి మార్చి, గాలి చొరబడకుండా మూసి చల్లని చోట నిల్వ చేయాలి.

పొదిగించడానికి అడుగు భాగం గరాటు ఆకారంలో ఉన్న పాత్ర అనుకూలం. తలక్రిందులుగా అమర్చిన ప్లాస్టిక్ సీసా కూడా సరిపోతుంది. లీటరు నీటికి 25 నుండి 30 గ్రాముల కల్లుప్పు, అర గ్రాము నుండి ఒక గ్రాము వరకు వంటసోడా కలిపి, ఉదజని సూచిక 8 కంటే తగ్గకుండా చూడాలి. లీటరుకు 2 గ్రాములకు మించి గుడ్లు వేయరాదు. అడుగు నుండి గాలి బుడగలు బలంగా రావాలి. తొలి గంటలలో మంచి వెలుతురు అవసరం. 28 డిగ్రీల వద్ద 24 గంటలలో పొదుగుదల పూర్తవుతుంది. 33 డిగ్రీలు దాటితే పొదుగుదల దెబ్బతింటుంది. నెల్లూరు జిల్లాలో మే నెల ఎండలు 40 డిగ్రీలను దాటుతాయి కనుక, ఆ రోజులలో పాత్రను ఇంటి లోపల నీడలో ఉంచి, వెలుతురుకు దీపం అమర్చడం మేలు. నాణ్యమైన గుడ్లు గ్రాముకు 2 లక్షలు లేదా అంతకు మించి నాప్లియస్‌లను ఇస్తాయి.

గాలిని 5 నుండి 10 నిమిషాలు ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలుతాయి. నాప్లియస్‌లు క్రిందికి దిగి, వెలుతురు ఉన్న వైపుకు చేరుతాయి. అడుగున పేరుకున్న పొదగని గుడ్లను ముందుగా వదిలివేసి, ఆ పైనున్న నాప్లియస్‌లను సన్నని వలగుడ్డలోకి తీసుకొని మంచినీటితో కడగాలి. పెంకులు పిల్ల చేపల ప్రేగులలో అడ్డుపడే అవకాశం ఉన్నందున ఈ వేర్పాటును శ్రద్ధగా చేయాలి. సోడియం హైపోక్లోరైట్‌తో పెంకును కరిగించి, సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్‌ను తొలగించే పద్ధతి హ్యాచరీలలో వాడుకలో ఉంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఆ వేడి 40 డిగ్రీలు మించితే గుడ్లు చనిపోతాయి కనుక, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలోనే దీనిని చేయడం శ్రేయస్కరం.

పొదిగిన నాప్లియస్ తన శరీరంలోని సొన మీదనే ఆధారపడి బ్రతుకుతుంది. సుమారు 8 గంటల తరువాత రెండవ దశకు మారేవరకు అది ఏమీ తినదు. ఆలస్యమైనకొద్దీ సొన కరిగి పోషక విలువ తగ్గుతుంది. ఒక రోజు గడిచేసరికి దాదాపు నాలుగో వంతు శక్తి నష్టమవుతుంది. అందువల్ల ఉదయం పొదిగిన వాటిని ఉదయమే వాడాలి. మిగిలినవాటిని 4 డిగ్రీల వద్ద ఫ్రిజ్‌లో ఉంచితే 24 గంటల వరకు విలువ చాలావరకు నిలుస్తుంది. తియ్యనీటి తొట్టెలో నాప్లియస్‌లు కొన్ని గంటలు మాత్రమే బ్రతుకుతాయి కనుక, ఒకేసారి ఎక్కువగా వేయకుండా రోజుకు 3 నుండి 5 సార్లు కొద్దికొద్దిగా వేయాలి.

మొయినా పెంపకం

డాఫ్నియా మాగ్నా చల్లని నీటిని ఇష్టపడుతుంది. నెల్లూరు వాతావరణానికి మొయినా మేలైనది. ఇది 24 నుండి 31 డిగ్రీల మధ్య బాగా వృద్ధి చెందుతుంది, ప్రాణవాయువు తగ్గినా కొంతవరకు తట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన మొయినా పిల్ల ఆర్టీమియా నాప్లియస్ అంతే ఉంటుంది. అది తియ్యనీటి జీవి కనుక తొట్టెలో వేసిన తరువాత చేప తినేవరకు బ్రతికే ఉంటుంది. 4, 5 రోజులలో ఆడ మొయినా ఈతకు వచ్చి, ఆ తరువాత సుమారు రెండు రోజులకొకసారి పిల్లలను ఇస్తుంది.

నీడలో ఉంచిన 100 లీటర్ల సిమెంటు లేదా ప్లాస్టిక్ తొట్టె ఒక చిన్న యూనిట్‌కు చాలు. కొత్త సిమెంటు తొట్టె అయితే పలుమార్లు నీరు నింపి తీసివేసి సున్నపు గుణాన్ని పోగొట్టాలి. కుళాయి నీటిని ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచి క్లోరిన్ పోయిన తరువాతనే వాడాలి. ఆహారంగా 100 లీటర్లకు 2 నుండి 3 గ్రాముల బేకరీ ఈస్టును నీటిలో కలిపి పోయవచ్చు. పచ్చని శైవల జలం లభిస్తే అది మరింత శ్రేష్ఠం. నానబెట్టి వడగట్టిన వేరుశనగ చెక్క నీరు, పశువుల పేడ నీరు కూడా ఉపయోగపడతాయి. అయితే మోతాదు మించితే నీరు కుళ్లి, మొయినా ఒక్క రాత్రిలో నశిస్తుంది. నీటి మసక తేరుకున్న తరువాతనే మళ్లీ ఆహారం వేయాలన్నది సులభమైన నియమం. సాంద్రత పెరిగిన తరువాత రోజుకు నాలుగో వంతుకు మించకుండా సేకరించి, తీసినంత కొత్త నీటిని చేర్చాలి. ప్రతికూల పరిస్థితులలో మొయినా ముదురు రంగు నిద్రావస్థ గుడ్లను పెడుతుంది. అవి కనిపించడం ఆహారం చాలకపోవడానికో, నీరు చెడడానికో సూచన. ఏదైనా ప్రమాదం జరిగితే తిరిగి మొదలుపెట్టడానికి ఎప్పుడూ రెండు వేరు వేరు తొట్టెలను నడపాలి.

దోమ లార్వాలు చేపలకు మంచి ఆహారమే అయినా, వాటిని ఇంటి ఆవరణలో పెంచడం డెంగీ, మలేరియా వ్యాధులకు ఆహ్వానం పలకడమే అవుతుంది. విస్తరణ సిబ్బంది ఈ పద్ధతిని ప్రోత్సహించరాదు.

చనిపోయే జీవి, తట్టుకునే జీవి

వరి పొలం నుండి సూక్ష్మ జలచరాలను సేకరించడంలో దాగిన ప్రమాదం పురుగుమందు అవశేషం. డాఫ్నియా జాతి జీవులు సేంద్రియ భాస్వర మందులకు, సింథటిక్ పైరిత్రాయిడ్లకు ఎంతో సున్నితమైనవి. అందుకే రసాయనాల విషప్రభావాన్ని కొలిచే అంతర్జాతీయ పరీక్షలో వాటినే ఉపయోగిస్తారు. మందు పడిన మడిలో అవి ముందుగా నశిస్తాయి. కనుక చురుకుగా ఈదుతున్న మొయినా ఉన్న నీరు ఆ రెండు తరగతుల మందుల విషయంలో కొంత నమ్మదగినది. ట్యూబిఫెక్స్ సంగతి ఇందుకు విరుద్ధం. ఆ పురుగు ప్రాణవాయువు లేని బురదలో, మురుగులో కూడా జీవించగలదు. భార లోహాలను శరీరంలో నిల్వ చేసుకుంటూనే ఎర్రగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. నెమ్మదిగా పారే నీటిలో రెండు, మూడు రోజులు ఉంచితే దాని ప్రేగులోని బురద పోతుందే గాని, కణజాలంలో చేరిన లోహం పోదు, చేపలకు సోకే మిక్సోజోవా పరాన్నజీవుల దశలూ పోవు. కాలుష్యానికి చనిపోయే జీవి కంటే కాలుష్యాన్ని తట్టుకునే జీవి ఆహారంగా ఎక్కువ ప్రమాదకరమన్న సూత్రాన్ని పెంపకందారులకు స్పష్టంగా బోధించాలి.

ఈ సూత్రాన్ని విద్యార్థులు చిన్న పరీక్షతో నిరూపించవచ్చు. సేకరణకు ఉద్దేశించిన కాలువ లేదా మడి నీటిని నాలుగు గ్లాసులలో, శుభ్రమైన నిల్వ నీటిని మరో నాలుగు గ్లాసులలో తీసుకొని, ఒక్కొక్కదానిలో ఒక రోజు వయసు లోపు మొయినా పిల్లలను ఐదేసి చొప్పున వదలాలి. 24, 48 గంటల తరువాత కదలిక లేని వాటిని లెక్కించాలి. శుభ్రమైన నీటిలో 10 శాతానికి మించి చనిపోతే పరీక్షను మళ్లీ చేయాలి. శుభ్రమైన నీటిలో బ్రతికి, మడి నీటిలో చనిపోతే ఆ నీటి నుండి ఏ ఆహారమూ సేకరించరాదు.

అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. సుడిదోమ నివారణకు వరిలో వాడే ఇమిడాక్లోప్రిడ్‌ను డాఫ్నియా చాలా ఎక్కువ మోతాదులో కూడా తట్టుకుంటుంది. అదే మందుకు కైరోనోమస్ లార్వాలు, అంటే ఎర్ర పురుగులు, అతి స్వల్ప మోతాదులోనే నశిస్తాయి. కనుక మొయినా బ్రతికినంత మాత్రాన నియోనికోటినాయిడ్ మందులు లేవని నిర్ధారించరాదు. సాధారణంగా ఎర్ర పురుగులుండే మడిలో అవి హఠాత్తుగా కనిపించకపోతే ఆ సంగతిని కూడా పరిగణనలోకి తీసుకోవాలి. అన్నిటికంటే సులభమైన జాగ్రత్త, పొలం యజమానిని అడిగి చివరిసారి చల్లిన మందు పేరును, తేదీని తెలుసుకోవడం. ఎడగారు పంటలోనైనా, ఆ తరువాతి ప్రధాన పంటలోనైనా మందు చల్లిన మడి నుండి, దాని మురుగు నీరు చేరే కాలువ నుండి సేకరణ మానివేయాలి. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద వంటి సందర్భాలలో మురుగు, పొలం, చెరువు నీరు ఏకమవుతాయి. అటువంటి వరద తగ్గిన తరువాత బయటి నుండి సజీవ ఆహారాన్ని తేకుండా ఇంటి తొట్టెల మీదనే ఆధారపడాలి.

వెంట వచ్చే అతిథులు

చెరువు నుండి వలతో తెచ్చిన ఆహారంలో తూనీగ లార్వాలు, నీటి పురుగులు, హైడ్రా కలిసి వచ్చి పిల్ల చేపలను చంపుతాయి. పెద్ద సైక్లాప్స్‌లు కూడా అతి చిన్న పిల్లలపై దాడి చేస్తాయి. అంతేగాక సైక్లాప్స్ వంటి జీవులు చేపల ప్రేగులలో పెరిగే కెమలానస్ పురుగుకు మధ్యంతర ఆశ్రయం. సైక్లాప్స్ ద్వారా వ్యాధి వ్యాపించడం తెలుగు ప్రాంతానికి తెలియని విషయం కాదు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలను పీడించిన నారికురుపు దిగుడు బావులలోని సైక్లాప్స్ ద్వారానే మనుషులకు సోకేది. నీటిని వడగట్టి త్రాగడం వంటి చర్యల ఫలితంగా చివరి కేసు 1996లో నమోదై, 2000లో దేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆనాడు గుడ్డతో వడగట్టడం మనిషిని కాపాడినట్లే, నేడు సరైన కన్నుల వలతో జల్లించడం చేపను కాపాడుతుంది.

ఘనీభవించిన ఆహారం

ఆర్టీమియా, ఎర్ర పురుగులు, మొయినా లభించిన కాలంలో కడిగి పలుచని పలకలుగా పరచి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో వేగంగా గడ్డకట్టిస్తే నెలల తరబడి వాడుకోవచ్చు. నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలు పగులుతాయి. కరిగించినప్పుడు విటమిన్లు, మాంసకృత్తులు నీటిలోకి కారిపోతాయి. అందుకే మందమైన ముద్దల కంటే పలుచని పలకలు మేలు. వాడే ముందు కావలసిన ముక్కను చిన్న గిన్నెలోని చల్లని నీటిలో కరిగించి, వలలో వడగట్టి, కడిగి, ఆ తరువాతనే తొట్టెలో వేయాలి. గడ్డను నేరుగా తొట్టెలో వేయడం వల్ల కారిన ద్రవం నీటిని చెడగొడుతుంది. ఒకసారి కరిగినదానిని మళ్లీ గడ్డకట్టించరాదు. ఈశాన్య ఋతుపవన కాలంలో తుఫానుల వల్ల గంటల తరబడి విద్యుత్తు ఆగిపోయే ప్రాంతాలలో, ఒక చిన్న సీసాలో నీటిని గడ్డకట్టించి, దానిపై ఒక నాణెం ఉంచి ఫ్రీజర్‌లో పెట్టాలి. నాణెం అడుగుకు దిగి కనిపిస్తే మధ్యలో మంచు కరిగిందని గ్రహించి, ఆ మేతను పారవేయాలి.

ఘనీభవించిన ఆహారం వ్యాధిరహితమన్న అభిప్రాయం సరికాదు. గడ్డకట్టించడం వల్ల చాలా పరాన్నజీవులు నశించినా, అనేక బాక్టీరియాలు, వైరస్‌లు బ్రతికే ఉంటాయి. 1990ల మధ్యలో ఆంధ్ర తీరపు రొయ్యల సాగును దెబ్బతీసిన తెల్లమచ్చ వైరస్ గడ్డకట్టిన రొయ్యలలో కూడా సజీవంగా ఉంటుంది. అది చేపలకు వ్యాధి కలిగించదు. అయితే వ్యాధి సోకిన రొయ్య ముక్కలను పచ్చిగా తొట్టెలో వేసి, ఆ నీటిని కాలువలోకి వదిలితే అది పీతలకు, చెరువులకు చేరవచ్చు. అందువల్ల రొయ్య మాంసాన్ని కొన్ని నిమిషాలు ఉడికించిన తరువాతనే వాడాలి. కొన్ని పచ్చి చేపలలో, ఆలిచిప్పలలో థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. గడ్డకట్టించినా అది నశించదు. వాటినే దీర్ఘకాలం మేపితే విటమిన్ బి1 లోపం ఏర్పడుతుంది. ఏ ఒక్క ఆహారమూ సంపూర్ణం కాదు కనుక మార్చి మార్చి ఇవ్వాలి.

మేపు క్రమం

ఎదిగిన చేపలకు రోజుకు రెండుసార్లు, 3 నుండి 5 నిమిషాలలో పూర్తిగా తినగలిగినంత మాత్రమే వేయాలి. వారంలో అధిక దినాలు నాణ్యమైన పొడి మేతను, రెండు మూడు రోజులు మొయినా లేదా ఘనీభవించిన ఆర్టీమియాను ఇచ్చి, ఒక రోజు ఉపవాసం ఉంచవచ్చు. జత కట్టించదలచిన చేపలకు గుడ్లు పెట్టడానికి ముందు రెండు వారాలు సజీవ ఆహారాన్ని పెంచాలి. పిల్ల చేపలను సజీవ ఆహారం నుండి పొడి మేతకు ఒక్కరోజులో కాక, వారం పది రోజులలో క్రమంగా మార్చాలి. మేత వేసిన పావుగంట తరువాత అడుగున మిగిలినదానిని గొట్టంతో తీసివేయడం నీటి మార్పిడి కంటే ముందు చేయవలసిన పని.

తొట్టె నీటిని, అక్కరలేని చేపలను కాలువలోకి గాని, కనిగిరి జలాశయంలోకి గాని వదలరాదు. అలంకార చేపగా వచ్చి చెరువులకు చేరిన సక్కర్ చేప నేడు అనేక తెలుగు జలాశయాలలో దెయ్యపు చేప అన్న పేరు తెచ్చుకొని, మత్స్యకారుల వలలను చింపుతున్నది. తొట్టె నీటిని కూరగాయల మడికి పారిస్తే అందులోని నత్రజని కూడా వృథా కాదు.

ముగింపు

బుచ్చిరెడ్డిపాలెం వంటి ప్రాంతంలో సజీవ ఆహారం ప్రకృతి ఉచితంగా ఇస్తున్నట్లు కనిపించినా, దాని వెల తొట్టెలోని చేపలు చెల్లించే సందర్భాలు ఉన్నాయి. బయటి సేకరణను తగ్గించి, రెండు మొయినా తొట్టెలు, ఒక ఆర్టీమియా సీసా, ఫ్రీజర్‌లో కొన్ని పలకలు సిద్ధంగా ఉంచుకొన్న పెంపకందారు ఋతువులకు, మందు చల్లే రోజులకు బందీ కాడు. ముత్తుకూరులోని మత్స్య శాస్త్ర కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం, మత్స్య శాఖ సిబ్బంది కలిసి ఈ మూడింటిని ఒకే ప్రదర్శనలో చూపగలిగితే, వరి మడిలో మందు చల్లే రైతుకూ, పెరటిలో చేపలు పెంచే గృహిణికీ ఒకే నీటి మీద ఉన్న ఉమ్మడి బాధ్యత తేటతెల్లమవుతుంది.